మాస్టారి ఉద్వాసన

మార్చి 4

అక్కా,

ఇక్కడ మేమంతా క్షేమం, జట్టు మాత్రం క్షేమం కాదు. నిన్న మధ్యాహ్నం మన మాస్టారిని తీసేశారు.

కంగారు పడకు. నాన్న బల్ల దగ్గరే ఉన్నారు, ఎవరిదో కోటుకి చేతులు కోస్తున్నారు. నేను చెప్పేది మన ఫుట్‌బాల్ జట్టు మేనేజరు సంగతి. వరసగా రెండేళ్ళు కప్పు తెచ్చిన మనిషి. ఈ ఏడు కూడా పాయింట్ల పట్టికలో మనమే పైన. అయినా క్లబ్బు ప్రెసిడెంటు పిలిచి, కాఫీ ఇప్పించి, "చాలా చేశారు, ఇక చాలు" అన్నాడట.

రేడియోలో ఆ మాట రాగానే కొట్లో కుట్టుమిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. కాజాల తాత సూది చేతిలో గుచ్చుకుని, "ఈ ఊరికి దరిద్రం పట్టింది" అన్నాడు. ఇస్త్రీ మామ పెట్టె సంగతి మరిచిపోయి ఎవరి పాంటు మీదో దాని అచ్చు దింపాడు. నేనొక్కణ్ణే "మంచి పని చేశారు" అన్నాను. ఇక చూడు, అందరూ నా మీదే పడ్డారు. తాత అయితే సాయంత్రం దాకా నాకు దారం కూడా అందివ్వలేదు. నాన్న మాత్రం సుద్ద పట్టుకుని అలా కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు.

ఆయనకి బాధ ఉండదా మరి? ఆ మేనేజరుకి 'మాస్టారు' అని పేరు పెట్టిందే నాన్న. మొదటిసారి కోటు కుట్టించుకోవడానికి మన కొట్టుకొచ్చినప్పుడు, "ఇక్కడ నేను మాస్టారిని, మైదానంలో మీరు మాస్టారు" అన్నారు గదా. ఆ మాట కొట్టు దాటి, వీధి దాటి ఊరంతా పాకింది. చివరికి అభిమానుల సంఘం వాళ్ళు ఆ పేరుతో నిలువెత్తు జెండా మన చేతే కుట్టించుకున్నారు.

ఇంకో సంగతి, నీ కడుపులోనే పెట్టుకో. పక్క ఊళ్ళో రెడీమేడ్ కంపెనీ వాళ్ళు నన్ను కటింగ్‌కి రమ్మంటున్నారు. వచ్చే నెల పదో తారీఖులోగా చెప్పాలి. ఇక్కడేమో సుద్ద పెట్టేది నాన్నే, కత్తెర పట్టేది నాన్నే. ఆయన కోసింది కుట్టడమే నా బతుకైపోయింది. అందరిలాగే నేనూ కొట్లో ఆయన్ని 'మాస్టారూ' అనే పిలుస్తూ, మీసాలు నెరిసేదాకా శిష్యుడిగానే ఉండిపోతానేమో అనిపిస్తుంది. నాన్నకి ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

నీ తమ్ముడు

*

మార్చి 9

ఒరేయ్ కృతఘ్నుడా,

ఇది ఆశీర్వాదంతో మొదలుపెట్టాల్సిన ఉత్తరం. ఆశీర్వాదం చివర్లో, అప్పటికి నా కోపం తగ్గితే.

మంచి పని చేశారా? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారే, అచ్చం అలా ఉంది మీ ఊరి వరస. ఆయన రాకముందు మన జట్టు ఎలా ఉండేదో మరిచిపోయావా? నువ్వూ నేనూ వానలో తడుస్తూ, ఓడిపోయిన ప్రతి ఆటకీ చప్పట్లు కొట్టి ఇంటికొచ్చేవాళ్ళం. గెలవడం అంటే ఎలా ఉంటుందో మనకి చూపించిన మనిషి ఆయన.

ఇక్కడ మీ బావ ఆనందం చూడలేకపోతున్నాను. ఆయనది ఎదుటి జట్టు కదా. పొద్దున్న మా స్టేషన్లో బండికి పచ్చజెండా ఊపాల్సిన మనిషి, చేతికందిన తువ్వాలు ఊపారు. గార్డు బిత్తరపోయి బండి ఆపేశాడు. "బంగారు గుడ్లు పెట్టే బాతుని కోసుకోవడం మీవాళ్ళకి అలవాటేగా" అని అన్నం తింటున్నంతసేపూ అంటూనే ఉన్నారు. కూర వడ్డించకుండా లేచిపోయాను.

నా టికెట్ల కిటికీ దగ్గరా ఇదే గొడవ. నిన్న ఒకాయన టికెట్టు తీసుకుంటూ, "ఆ ముసలాణ్ణి తీసెయ్యడమే మేలండీ" అన్నాడు. టికెట్టు వదలకుండా, "ముందు మాట వెనక్కి తీసుకోండి" అన్నాను. అవతల బండి కూత వేసింది. పాపం, తీసుకున్నాడు.

ఆ కంపెనీ సంగతి నాన్నకి చెప్పకుండా జవాబివ్వకు. కాయితం మీద రాసే ముందు మనిషితో మాట్లాడాలి. నీకు చిన్నప్పట్నుంచీ అడగడం రాదు, అలగడం వచ్చు.

సరే, ఆశీస్సులు.

అక్క

*

మార్చి 14

అక్కా,

బావకి నా తరఫున కూర వడ్డించు. ఆయన అన్నదాంట్లో తప్పుంది గానీ ఆకలిలో తప్పులేదు.

నువ్వు గెలుపు అంటున్నావు. గెలుపెవరిదో కూడా చూడాలి కదా. ఒక్క గోలు కొట్టడం, ఆ తరవాత పదకొండు మందీ వెనక్కొచ్చి గోడలా నిలబడటం. పక్కవాడు ఆవులిస్తే నాకు ఆవులింత, నాకొస్తే వెనకవాడికి. కప్పు వచ్చింది సరే, దాన్ని చూసి ఒక్కడైనా ఎగిరి గంతేశాడా? తారాజువ్వ అని మనం ముద్దుగా పిలుచుకునే ఆ కుర్రాడున్నాడే, మూడేళ్ళుగా బెంచీ మీద కూర్చుని కూర్చుని చెమ్మ పట్టిపోయాడు. ఎన్ని గెలిచినా సరే, పక్కన కూర్చున్నవాడికి ఒక్కసారైనా అవకాశం ఇవ్వని మాస్టారు మంచి మాస్టారు ఎలా అవుతాడు? "నువ్వింకా నేర్చుకోవాలి" అని ఎన్నాళ్ళంటారు? నేర్చుకునేది చేత్తోనా, చూపుతోనా? ఏదో ఒకరోజు పెద్దవాళ్ళు తమంతట తామే పక్కకి జరగాలి. జరగకపోతే ఎవరో ఒకరు జరపాలి.

ఇది నీతో అంటున్నాను గానీ, మొన్న ఆయనే మన కొట్టుకొచ్చేసరికి పరుగెత్తి కుర్చీ తెచ్చి వేసింది నేనే. నవ్వకు. కొత్త కోటు కావాలట, నల్లది. నాన్న కొలతలు చెబుతుంటే నేను రాసుకున్నాను. భుజాల దగ్గరకొచ్చేసరికి నాన్న టేపు తీసి, మళ్ళీ పెట్టి, "ఈ భుజాలు మీవేనా?" అన్నారు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఏం నవ్వో నాకర్థం కాలేదు. ఆయన వెళ్ళిపోయాక నాన్న ఆ గుడ్డ కొయ్యకుండా మడతపెట్టి పక్కన పెట్టేశారు. ఇంతవరకూ ముట్టుకోలేదు. అడిగితే, "తొందరేముంది, ఆయనకి ఉద్యోగమా సద్యోగమా" అంటున్నారు.

కొత్త మేనేజరు ఎవరో ఇంకా తెలియదు. అప్పుడే తాత మాత్రం వాడు పనికిరాడని తేల్చేశాడు.

నీ తమ్ముడు

*

మార్చి 18

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మేనేజరు ఎక్కడ ఆగాడో, నాన్న ఎక్కడ మొదలయ్యారో నాకు అంతుపట్టలేదు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, నాన్న మీద కోపం ఆయన మీద చూపిస్తున్నావా? "పెద్దవాళ్ళు పక్కకి జరగాలి, జరగకపోతే జరపాలి" అని రాశావే, ఎవర్ని జరుపుతావురా? మైదానంలో ఉన్నాయన్నా, బల్ల దగ్గరున్నాయన్నా? నువ్వు తారాజువ్వవి, నాన్న నిన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు, అంతేనా నీ బాధ?

నాన్న కోసిన గుడ్డని ఇంతవరకూ వేలెత్తి చూపినవాడు లేడు. ఇవాళ్టికీ నేను వేసుకునే డ్యూటీ కోటు ఆయన కోసిందే. మా స్టేషన్ మాస్టరు దాన్ని చూసి ఎవరు కుట్టారని అడుగుతూనే ఉంటాడు. అలాంటి మనిషిని గెలుస్తుండగానే దింపెయ్యాలని నీకెలా అనిపించింది? ఓడిపోతే దింపుతారు, అది లోకం తీరు. గెలిచేవాణ్ణి దింపడం ఏం న్యాయం?

ఇదంతా నా ఊహే అయితే ఒక్క ముక్క రాయి. నాకు నిద్ర పట్టడం లేదు. మీ బావకి మాత్రం హాయిగా పడుతోంది. ఆయన జట్టు మొన్న గెలిచింది.

అక్క

*

మార్చి 21

అక్కా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాణ్ణి కాను నేను. ఫుట్‌బాల్ గురించి రాస్తే ఫుట్‌బాల్ గురించే రాశానని అర్థం.

ఎక్కువ రాసే తీరిక లేదు, అందుకే కార్డు. మాస్టారి పేరు విప్పేస్తున్నాను. నిలువెత్తు అక్షరాలు, కుట్లేమో ఇనపకుట్లు, బ్లేడు జారి వేలు తెగింది. శనివారానికల్లా ఆ పేరు ఎక్కడా కనబడకూడదట. తాత చూడలేక బయటికి వెళ్ళి కూర్చున్నాడు. ఏం చేస్తాం, కాలం మారింది.

నీ తమ్ముడు

*

మార్చి 24

ఒరేయ్,

నీ కార్డు అందింది. కొట్టు ముందు ఎండకి కట్టిన పరదా మీద నాన్న తన చేత్తో కుట్టుకున్న పేరురా అది! దాన్ని విప్పడానికి నీకు చేతులెలా వచ్చాయి? వేలు తెగిందా? మంచిదే అయింది.

ఇక నీతో మాటలు అనవసరం. నాన్నకే ఉత్తరం రాశాను, ఇదే బండిలో వస్తోంది. నువ్వు ఆయన పేరు విప్పుతున్న సంగతీ, ఆయన్ని దింపాలని చూస్తున్న సంగతీ, కంపెనీ పిలుపు దాచిన సంగతీ అన్నీ రాశాను. దాచమన్నావు, దాచలేదు. ఏం చేసుకుంటావో చేసుకో.

అక్క
(ఈసారి ఆశీస్సులు లేవు)

*

మార్చి 27

మహాతల్లీ,

ఉరుము ఉరిమి మంగలం మీద పడటం అంటే ఏమిటో ఇవాళ చూశాను. ఆ మంగలాన్ని నేనే.

నువ్వు నాన్నకి రాసిన ఉత్తరం పనివేళలో వచ్చింది. నాన్న కవరు చింపి, దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చివరికి నా చేతికిచ్చారు. "చదవరా, అందరూ వింటారు, అమ్మాయి బాగా రాస్తుంది" అన్నారు. అక్కా, నన్ను నేనే తిట్టుకుంటూ కొట్టు మధ్యలో నిలబడి చదివాను. "మీ కొడుకు గుంటనక్క" అన్నచోట గొంతు దిగిపోతే, "వినబడలేదు, మళ్ళీ చదువు" అన్నాడు తాత. ఇస్త్రీ మామ ఈసారి ఒక చొక్కా కాల్చాడు.

ఆ పేరు పరదా మీద పేరు కాదు తల్లీ. అభిమానుల సంఘం జెండా మీది పేరు. మేనేజరు మారాడు కదా, ఆ పేరు విప్పి జట్టు పేరు కుట్టమని తెచ్చిచ్చారు. పరదా మీద నాన్న పేరు ఎప్పట్లాగే ఉంది, నిన్న దాని మీద పిచ్చుక వాలింది కూడా. నీకు అర్థమయ్యేలా రాయకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. గుంటనక్క మాత్రం ఒప్పుకోను.

చదవడం అయ్యింది. కంపెనీ సంగతి బయటపడిపోయింది కదా, నాన్న వైపు చూడకుండా ఉత్తరం మడతపెట్టాను. నాన్న కుర్చీ లాక్కుని కూర్చుని, "కలం తీసుకో. నేను చెబుతాను, నువ్వు రాయి. నీ సొంత కవిత్వం కలపకు" అన్నారు. ఇక ఇక్కణ్ణుంచి నాన్న మాటలు.

అమ్మాయీ,

నీ ఉత్తరం నీ తమ్ముడి నోట విన్నాను. కడుపు నిండింది. నా తరఫున పోట్లాడేందుకు ఒక మనిషి ఉందని తెలిస్తే ఏ తండ్రికైనా బాగుంటుంది. కానీ నువ్వు పోట్లాడుతున్నది తప్పు పక్షాన.

నల్లగుడ్డ మీద సుద్దగీత నాకు కనబడటం మానేసి చాన్నాళ్ళయింది. అంచనా మీద, కొంచెం వదులుగా కోస్తున్నాను. నేను ఇంటికెళ్ళాక వీడు వెనక్కొచ్చి, విప్పి, సరిచేసి కుడుతున్నాడు. నాకు తెలియదని వీడి నమ్మకం. పొద్దున్నే కోటు తిరగేస్తే నా కోత ఏదో వాడి కోత ఏదో నాకు తెలియదా? వాడిదే బాగుంటోంది. (అక్కా, ఇది నాన్న చెప్పిందే, నేను కలపలేదు. నాన్నకి తెలుసని నాకు నిజంగా తెలియదు.)

ఆ మేనేజరు మొన్న వచ్చాడు. ఇన్నేళ్ళూ ఆయన భుజాలు చెవులకి ఆనుకుని ఉండేవి. అందుకని ఆయన కోట్లకి మెడ దగ్గర గుడ్డ ఎక్కువ వదిలేవాణ్ణి. మొన్న టేపు పెడితే భుజాలు కిందికి దిగి, మామూలు మనిషి భుజాలయ్యాయి. "బాధగా లేదా" అనడిగాను. "ఉంది. కానీ ఆదివారం పొద్దున కడుపులో నొప్పి రావడం లేదు" అన్నాడు. నాకు ఆయన్ని చూసి ఈర్ష్య పుట్టింది. ఆ రాత్రి అద్దంలో నా భుజాలు చూసుకున్నాను.

ఆయన్ని తీసెయ్యడానికి ప్రెసిడెంటున్నాడు. నాకెవరున్నారు? నా అంతట నేను దిగిపోతే చేతకాక దిగాడంటారు. వీణ్ణి అడగమంటే అడగడు. అడిగితే నేను బాధపడతానని వీడి భయం. ఇస్తే వీడు వద్దని కంపెనీకి పోతాడేమోనని నా భయం. ఇలా ఇద్దరం ఒకే బల్లకి చెరోవైపు నిలబడి నోరు మూసుకున్నాం. నువ్వు ఇంటికి పెద్దదానివి, పైగా రైల్వేలో కాయితాలు రాసే చెయ్యి. నన్ను తీసేస్తున్నట్టు ఒక ఆర్డరు పంపు. పదో తారీఖులోగా పంపు.

ఇంతవరకే నాన్న మాటలు. ఆ తరవాత ఆయన లేచి టీ తాగడానికి వెళ్ళారు. నేను ఇంకా ఇక్కడే కూర్చున్నాను.

నీ తమ్ముడు

*

ఏప్రిల్ 2

తమ్ముడూ,

నిన్ను గుంటనక్క అన్నందుకు ఏమనుకోకు. నక్కకి అంత ఓపిక ఉండదు. ఇన్నాళ్ళూ ఆయన కోతలు రహస్యంగా సరిదిద్దుతూ, పేరంతా ఆయనకే వదిలేశావా? నేనేమో ఆ కోతల్ని చూపించే నిన్ను తిట్టాను. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

కింది కాయితం కొట్లో అందరి ముందూ నువ్వే చదువు. చదవడం నీకిప్పుడు బాగా అలవాటయింది కదా.

మాస్టారు అనబడే మా నాన్నగారికి,

ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, తమరు ఇంతవరకూ ఒక్క ఆటలోనూ ఓడిపోనందువల్ల, ఇకమీదట ఓడిపోవలసిన అగత్యం తమరికి కలగకూడదని భావించి, తమరిని కత్తెర పదవి నుంచి తక్షణం తొలగించడమైనది. తమరి మీద ఫిర్యాదులు లేవు. వస్తే నేను చించేస్తాను. పరదా మీద తమరి పేరు అలాగే ఉండును. దానిని ముట్టుకున్నవారి వేళ్ళు తెగును. తమరు రేపటినుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు కొట్టుకి రావచ్చును, రాకపోవచ్చును, వచ్చి ఏమీ చెయ్యకపోవచ్చును. ముందుగా కళ్ళ డాక్టరు దగ్గరికి పోవలెను. ఇది మాత్రం వినతి కాదు, ఆజ్ఞ.

నాన్నా, ఈ పై మాటలు రాస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాను. సంతకం పెట్టేటప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. మిమ్మల్ని ఎంత గౌరవంగా తియ్యాలో అంత గౌరవంగా తియ్యడం నాకు చేతనైందో లేదో తెలియదు. మీ అల్లుడు చదివి, "మీ క్లబ్బు ప్రెసిడెంటు నీ దగ్గర పాఠాలు నేర్చుకోవాలి" అన్నారని తమ్ముడికి చెప్పండి.

మీ కూతురు

*

ఏప్రిల్ 8

అక్కా,

ముందు ఆట కబురు. కొత్త మేనేజరు మొదటి ఆటలోనే తారాజువ్వని మైదానంలోకి దించాడు. వాడు రెండు గోల్స్ కొట్టాడు. మనం మూడు తిన్నాం. ఓడిపోయాం గానీ మైదానమంతా లేచి గంతులేసింది. విచిత్రమేమిటంటే, ఇప్పుడు కొట్లో కాజాల తాత కొత్తవాణ్ణి వెనకేసుకొస్తున్నాడు, నేనేమో "మాస్టారుంటే ఆ మూడో గోలు పడేదే కాదు" అని గొడవకి దిగుతున్నాను. బావకి ఈ సంగతి చెప్పకు.

కంపెనీ వాళ్ళకి రానని రాసేశాను.

ఇక ఆర్డరు సంగతి. నేను చదువుతుంటే నాన్న లేచి, చేతులు కట్టుకుని, మెడలో టేపుతో సహా నిటారుగా నిలబడి విన్నారు. "అప్పీలు చేసుకోరా మాస్టారూ?" అన్నాడు ఇస్త్రీ మామ. "అప్పీలు చేస్తే గెలుస్తానేమోనని భయం" అన్నారు నాన్న. అందరూ నవ్వారు, తాత మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. నాన్న టేపు తీసి నా మెడలో వేశారు. మడతపెట్టి ఉంచిన ఆ నల్లగుడ్డ తెచ్చి బల్ల మీద పరిచి, కత్తెర పిడి నావైపు తిప్పి ఇచ్చారు. ఆ తరవాత వెళ్ళి గిరాకీలు కూర్చునే బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, మైదానంలో జనం అరిచినట్టు అరవడం మొదలుపెట్టారు. "మెడ దగ్గర అంత వదులెందుకు? భుజం దించు! మనిషి భుజం దిగింది, నువ్వు దించవేంరా! ఎవడ్రా వీణ్ణి బల్లెక్కించింది?"

"తీసేసినవాళ్ళు మాట్లాడకూడదు" అన్నాను.

"తీసేశారు కాబట్టే మాట్లాడుతున్నాను. నోరు ఇప్పుడే ఖాళీ అయింది" అన్నారు.

సుద్దతో గీత గీశాను. నల్లగుడ్డ మీద తెల్లగా, తిన్నగా వచ్చింది. కత్తెర తెరిచాను. అక్కా, ఇన్నేళ్ళుగా దానికోసమే కదా నా ఏడుపు, తీరా చేతికొచ్చేసరికి ఆ గీత నాకు కనబడలేదు. కళ్ళనిండా నీళ్ళు. నాన్న అరుపులు ఆపేశారు. బెంచీ మీంచి లేచొచ్చి నా పక్కన నిలబడి, నాకు మాత్రమే వినబడేట్టు, "గుడ్డ మీద పడితే మచ్చవుతుందిరా. పక్కకి తిరిగి ఏడ్చెయ్యి, తరవాత కొయ్యి" అన్నారు.

పక్కకి తిరిగాను. తరవాత కోశాను.

నీ తమ్ముడు